వాలిన అక్షరాలు

పటాన్‌చెరులో ఫ్లెక్సీలు కొట్టే చంద్రకాంత్‌ను ఎవరో చంపి, అతను ప్రింట్ చేసిన ఫ్లెక్సీలోనే చుట్టి కాలువలో పడేశారు. మర్నాడే అతని కుర్చీలో కొత్త ఆపరేటర్ కూర్చున్నాడు. పేరు తన్వీర్. నోట్లో గుట్కా, చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్.

"కండెన్స్‌డ్ ఇటాలిక్," అని ముందురోజు రాత్రి బ్రీఫింగ్‌లో నిఘా విభాగం చీఫ్ నరసరాజు అతనికి ఒక ప్రింట్ చూపించాడు. "తోకలూ సోకులూ లేని ఇంగ్లిష్ అక్షరాలు. నడుం నొక్కి కుడికి వాల్చారు. ఇరుకు చోట ఎక్కువ మాట పడుతుందని మందుల పెట్టెలకూ, బస్సులకూ, జెర్సీలకూ ఇలాంటివే వాడతారు. కానీ ఈ ఫాంట్ మార్కెట్లో దొరకదు. బయటి దేశపు ముఠా ప్రత్యేకంగా గీయించుకుంది. గేటు ముందు ఈ అక్షరాల బ్యానర్ లేచిన రెండు ఫ్యాక్టరీలూ బూడిదయ్యాయి. లోపల వాళ్ల మనిషికి ఫోన్ ఉండదు. బ్యానరే ఆర్డర్."

"గీసిందెవరు సార్?"

"ఇంద్రజ. అటూ పనిచేస్తుంది, మనకూ పనిచేస్తుంది. నమ్మకు."

వారం తిరక్కముందే నల్ల కళ్లద్దాలతో, అత్తరు ఘాటుతో ఇంద్రజ షాపులోకి వచ్చింది.

"జెర్సీలా మేడం, బ్యానరా?" కోడ్ అడిగాడు తన్వీర్.

"ఏదైనా కుడికే. లే, జల్దీ! ఈసారి బ్యానర్ బీరంగూడల కొట్టించి, సాల్వెంట్ ప్లాంట్ ముంగట కట్టేసిన్రు."

ప్లాంట్ గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల రెండు వెదురు గుంజల మధ్య బ్యానర్. సేఫ్టీ ఫస్ట్. ఒకదాని వెనక ఒకటి పారిపోతున్నట్టు అక్షరాలు. గోడ లోపల ట్యాంక్ మీద పసుపు హెల్మెట్ ఒకటి, చెయ్యి వాల్వ్ మీద, చూపు బ్యానర్ మీద. తిప్పడానికి షిఫ్ట్ సైరన్ కోసం చూస్తున్నాడు. గేటు దగ్గర టిఫిన్ డబ్బాలతో షిఫ్ట్ జనం.

"సేఫ్టీ ఫస్ట్ అంట! జీతం లాస్ట్ అని గూడ రాయాల్సింది," అన్నాడొకడు. అందరూ నవ్వారు.

చెవిలో నరసరాజు: "మనవాళ్లు కిందే ఉన్నారు. మెట్లెక్కితే చూసేస్తాడు."

"బ్యానర్ చింపేస్త," అన్నాడు తన్వీర్.

ఇంద్రజ చెయ్యి పట్టుకుంది. "చింపితే దొరికినమనుకొని అప్పుడే తిప్పుతడు. అక్షరాలు నిటారుగ కనబడాలె. అది ఆపమని సైగ."

"నిన్నెట్ల నమ్మాలె?"

"నమ్మకు. ఈడనే నిలవడి కాలిపో."

తన్వీర్ రోడ్డు దాటి కుడి గుంజకు భుజం ఆనించాడు. వదులు మట్టిలో అది కదిలింది.

"ఓ అన్నా, పడగొడ్తవా ఏంది?" గేటు దగ్గర్నుంచి ఒకడు అరిచాడు.

"జెర పట్టుండ్రి భాయ్! ఆ గుంజ గూడ ఎడమకు!"

షిఫ్ట్ జనంలో నలుగురు రోడ్డు దాటొచ్చి పట్టారు. గుంజలు రెండూ ఎడమకు ఒరిగాయి. వాటితో గుడ్డ, గుడ్డతో అక్షరాలు. వాలినవి ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి.

సైరన్ మోగింది.

పసుపు హెల్మెట్ కళ్లు చికిలించాడు. చెయ్యి వాల్వ్ మీద బిగుసుకుంది. తర్వాత మెల్లగా జారింది. మెట్లు దిగేసరికి క్యాంటీన్ యూనిఫాంలో ఉన్న నరసరాజు మనుషులిద్దరు చెరో రెక్కా పట్టుకున్నారు.

తన్వీర్ వెనక్కి తిరిగాడు. ఇంద్రజ లేదు. కెమికల్ కంపులో కాస్త అత్తరు మిగిలింది.

వాచ్‌మన్ పోచయ్య కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "గింత వంకరగ కడ్తరా? పని రాదా నీకు?"

"గుంజల సంగతి ఇడిసిపెట్టు కాకా," తన్వీర్ గుట్కా ఉమ్మేశాడు. "అక్షరాలు సక్కగున్నయా లేదా?"