అమ్మ వంతు నువ్వులుండ

ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని కమలమ్మ గడపలోనే నిలబడి ఉంది. కడుపుతో ఉన్న ఒక్కగానొక్క కూతురు జయలక్ష్మి తొలికాన్పుకు పుట్టింటికి వస్తోంది మరి! నంద్యాల బస్సు ఆళ్లగడ్డ చేరి అప్పుడే చాలాసేపయింది. వీధి మలుపులో భర్త మాధవయ్య కనిపించాడు. చంకలో, పొద్దున తీసుకెళ్లిన మిఠాయిల బుట్ట అలాగే ఉంది. వెనక మాత్రం ఎవరూ లేరు!

"అమ్మాయి ఏదండీ?"

మాధవయ్య తల ఎత్తలేదు. ఆళ్లగడ్డ బజారులో నలుగురికి నచ్చజెప్పే కిరాణా వ్యాపారి, సొంత ఇంటి గడప ముందు బుట్ట దించి, నేల చూస్తూ చెప్పాడు.

"అమ్మాయిని పంపేది లేదన్నారు. 'మీ ఇంట్లో ఒక చూలాలు చాలదా అన్నా, ఇంకొకామెను గూడ తీసుకపోతానంటావు? ఎవరికెవరు కాన్పు చేస్తారు?' అని మన వియ్యపురాలు ఒకటే నవ్వు. వాళ్ల వీధిలో ఆడోళ్లంతా నవ్వినారు. నా తల తీసేసినట్టయింది కమలా!"

కమలమ్మకు ఏమీ అర్థం కాలేదు. "మనింట్లో చూలు కట్టింది బర్రె ఒక్కటే గదండీ!"

"చాల్లేమ్మే నీ నాటకం!" లోపలినుంచి అత్తగారు మహానందమ్మ విసురుగా వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, నడుం వంగినా గొంతు వంగలేదు. చేతిలో ఒక కాగితప్పొట్లం! "రాగిపిండి డబ్బాలో ఏందివి? మన పక్కవీధి గురవయ్య కోడలికి కడుపుతో ఉన్నెప్పుడు సర్కారు ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలు గాదా? నాకు కండ్లు లేవనుకున్యావా? వానలు మొదలైనప్పట్నుంచి నువ్వు బయట కూర్చుండ్లే. పెరటి వసారాలో చాప చుట్టింది చుట్టినట్టే ఉంది. నలభై ఏడేండ్లకు కడుపొచ్చిందంటే నవ్వుతారు, నవ్వనీ. దేవుడిచ్చిన బిడ్డ! కానీ... నువ్వులు తింటాండావే! బెల్లంలో దంచుకోని దొంగతనంగా తింటాండావే! కడుపు పోగొట్టుకుంటావా? నేను డబ్బాలోని నువ్వులు తీసి దాచిపెట్టే కొద్దీ అంగట్లోనించి మళ్లీ తెచ్చుకుంటాండావే!"

కమలమ్మ చేతిలో పళ్లెం ఒరిగింది. ఎర్రనీళ్లు చీరమీద ఒలికాయి.

అయ్యో, ఏమని చెప్పాలి! ఆడదాని ఒంటి సంగతి వంటింటి గోడలక్కూడా చెప్పుకోని ఇల్లు అది. నెలకు మూడు రోజులు వసారాలో చాప పరిస్తే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది, పరవకపోతే ఇంకా బాగా తెలిసిపోతుంది. నడుమ జరిగేది మాత్రం ఎవరికీ తెలియదు. పోయిన సంక్రాంతి చలిలో కూడా కమలమ్మకు ఉన్నట్టుండి ముఖం భగ్గుమనేది. నిద్ర దూరమైంది. మోకాళ్లు లాగేవి. పిల్లి పాలు తాగిపోయిందని ఒకనాడు పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తనకు పిచ్చి పడుతోందేమోనని భయపడింది తప్ప ఒక్కరితో అనలేదు.

చివరకు పక్కింటి నర్సమ్మ హన్నమ్మే ఆమె ముఖం చూసి పట్టుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్లి డాక్టరమ్మకు చూపించింది. "రక్తం తక్కువుందంట. ఇవి ఇనుము మాత్రలు, ఇవి ఎముకలకు. కడుపుతో ఉన్నోళ్లకే కాదు, నీక్కూడా కావాల. పెద్దమనిషి అయ్యేటప్పుడు ఒళ్లు ఎట్ల తిరగబడుతుందో, ఆగిపోయేటప్పుడు గూడ అట్లే వదినా. మాత్రలు మింగి ఊరకుంటే చాలదు. పాలు తాగు, రాగిసంగటి తిను, ఆకుకూరలు, నువ్వులు, బెల్లం... అందరికీ పెట్టినాక గిన్నెలో మిగిలింది గాదు, నీకంటూ పెట్టుకోని తిను" అంది హన్నమ్మ. ఆ చివరి మాటే కమలమ్మకు అన్నిటికంటే కష్టమైన మందు!

ఇప్పుడు నడివాకిట్లో, పక్కిళ్లవాళ్లు కిటికీలు తెరిచి చూస్తుండగా, ఆ సంగతే బయటపెట్టాలి. పెట్టకపోతే కూతురు రాదు!

"అత్తా... నాకు కడుపు లేదు. నాది ఆగిపోయింది. అంతే!" అని భోరుమంది కమలమ్మ. మాత్రలు, మంటలు, పిల్లి తాగిన పాలు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది.

మహానందమ్మ చేతిలోని మాత్రల పొట్లాన్ని మళ్లీ విప్పి చూసుకుంది. మాధవయ్య ముఖం మాత్రం చిన్నపిల్లవాడి చేతిలో బెలూను పగిలినట్టయింది. "అయితే... లేదా? నేను అహోబిలం సామికి మొక్కుకుంటి గదా..."

ఆ మాట వినగానే కమలమ్మ ఏడుపు ఆగిపోయింది. కొన్నాళ్లుగా మాధవయ్య బావినుంచి తనే నీళ్లు మోస్తున్నాడు. బరువులెత్తవద్దంటున్నాడు. సంతనుంచి ఆమెకని జామకాయలు విడిగా తెస్తున్నాడు. ఇన్నేళ్లకు మా ఆయనకు నా కష్టం కనిపించింది కదా అని ఆమె దేవుడి ముందు దీపం పెట్టి మరీ మురిసిపోయింది!

"అయితే ఆ బిందెలు... నాకోసం మోసినవి కావా?" అంది. చాలా నెమ్మదిగా అంది. మాధవయ్య కండువా దులుపుకుని అంగడికి వెళ్లిపోయాడు. అరిచి కొట్టినా బాగుండేది తల్లీ, ఆ ఆడమనిషి మనసుకు అంత నొప్పి ఉండేది కాదు!

ఆ సాయంత్రం మహానందమ్మ వచ్చి కోడలి పక్కన చతికిలబడింది.

"కమలా... నువ్వు ఈ ఇంటికి కొత్తకోడలుగా వచ్చినప్పుడు నేను నిన్ను ఎన్ని మాటలంటినే! కూరలో ఉప్పు సరిగ్గా ఉన్నా గిన్నె ఇసిరికొడితి. నాకప్పుడు ఒళ్లంతా ఒకటే మంట. రాత్రిళ్లు కూర్చోని తెల్లారబెట్టేదాన్ని. దయ్యం పట్టిందని మీ మామ తాయెత్తు కట్టించె. అది దయ్యం కాదంటనా? అందరికీ వచ్చేదేనంటనా?"

"అవునత్తా. అందరికీ వస్తుందంట."

"ఒక్కరన్నా చెప్పినారా నాకు!" ముసలామె కళ్లు తుడుచుకుంది. కోడలి చేయి పట్టుకుంది. అంత గట్టిగా ఆ చేయి ఆమె పెళ్లి నాడు కూడా పట్టుకోలేదు. "మీ ఆయనకు చెప్పింది నేనే. అహోబిలంలో వియ్యపురాలు కనపడితే, సంతోషం పట్టలేక చెవిలో ఊదింది గూడ నేనే. చెడగొట్టింది నేను. రేపు పొద్దున్నే నంద్యాలకు పోదాం, నేనే చక్కబెడతా."

తెల్లవారి కమలమ్మ పెరట్లోకి వెళ్తే నీళ్లతొట్టి నిండి ఉంది! మాధవయ్య బావి దగ్గర తడి పంచెతో నిలబడి ఉన్నాడు.

"ఇంకెందుకండీ మీకు ఈ తిప్పలు?" అంది, గొంతులో నిష్ఠూరం దాచుకోకుండా.

"మోకాళ్లు లాగుతాయని నిన్న చెప్తివి గదా..." అతను బిందె వైపే చూస్తూ గొణిగాడు. "నిన్నటిదాకా బిడ్డకోసమే మోస్తి, అబద్ధమెందుకు? ఈ పొద్దు నీకోసం. రేపు గూడ నేనే మోస్తా, నువ్వు బిందె ముట్టొద్దు."

కమలమ్మకు మళ్లీ ముఖం భగ్గుమంది. ఈసారి అది ఆ వయసు మంట కాదని మీకు వేరే చెప్పాలా!

నంద్యాలలో వియ్యపురాలు సుబ్బలక్ష్మమ్మ నట్టింట్లో విసనకర్రతో టపటపా విసురుకుంటూ ఎదురొచ్చింది. బయట చల్లటి వానగాలి వీస్తున్నా ఆమె నుదుటినిండా చెమటే!

"ఏం వదినా, ఎన్నో నెల?" అని నవ్వింది.

మహానందమ్మ అందుకోబోయింది. కమలమ్మ ఆపింది. సిగ్గంతా నిన్న వాకిట్లోనే ఒలికిపోయింది, ఇంకా దాచడానికి ఏముంది! "కడుపు కాదు వదినా. నా వయసు మారుతాండాది" అని మొదలుపెట్టి, మంటలు, చెమటలు, నిద్రలేమి, ఊరికే వచ్చే ఏడుపు, అన్నీ చెప్పింది. చెప్పేకొద్దీ సుబ్బలక్ష్మమ్మ చేతిలో విసనకర్ర నెమ్మదించింది, తర్వాత ఆగిపోయింది. ఆమె కోడలివైపు, వీధివైపు చూసి, కమలమ్మ కొంగు పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"వదినా... నాక్కూడా అంతే! నాకేదో పెద్ద రోగమొచ్చిందని, చచ్చిపోతానని, మనవడి మొగం చూస్తానో లేదోనని... ఎవరికీ చెప్పుకోలేక నవ్వుతా తిరుగుతాండా వదినా!" అని కమలమ్మ భుజంమీద పడి ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీదుకుని, "ఆ మాత్రలు... నాకు రెండు ఇస్తావా?" అంది.

"నావి నీకెట్ల ఇస్తా? నువ్వూ రా ఆళ్లగడ్డకు, డాక్టరమ్మకు చూపిస్తా!" అంది కమలమ్మ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. వంటింట్లో ఏం జరుగుతోందో తెలియక జయలక్ష్మి బయట బిక్కమొహం వేసుకుని నిలబడింది.

మరునాడు మాధవయ్య ఇంటిముందు ఎర్రనీళ్ల పళ్లెం మళ్లీ తిరిగింది. జయలక్ష్మి కుడికాలు పెట్టి లోపలికి వచ్చింది. వెనకే, కోడలిని దిగబెట్టే నెపంతో, సుబ్బలక్ష్మమ్మ! ఇల్లంతా దోరగా వేగిన నువ్వుల వాసన. మహానందమ్మ ఎవరినీ ముట్టనివ్వకుండా రోట్లో తానే బెల్లం వేసి దంచి ఉండలు కట్టింది.

"అబ్బ, నువ్వులుండలు! నాకే గదా అవ్వా?" జయలక్ష్మి చేయి చాచింది.

మహానందమ్మ ఆ చేతిమీద చిన్న దెబ్బ వేసింది. "నీకు వేడి చేస్తుంది. నీకు రవ్వలడ్డు చేసినా, ఆడ పళ్లెంలో ఉంది చూడు. ఇవి మీ అమ్మవి."

"అమ్మకా! అమ్మకెందుకు?"

ముసలామె ఉండ తీసుకుని కోడలి దగ్గరికి నడిచింది. "నువ్వు పెద్దమనిషి అయితే మీ అమ్మ పెట్టె. కాన్పైతే పెట్టె. ఆగిపోయినప్పుడు పెట్టాలని ఎవరికీ తోచలే. నాకు ఎవరూ పెట్టలే కమలా... నీకు నేను పెడతా. నోరు తెరువు."

కమలమ్మ అలవాటు ప్రకారం చుట్టూ చూసింది... ఇంకా ఎవరికి పెట్టాలో, ఎవరు తినలేదోనని. అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది. అందరూ తననే చూస్తున్నారు. పెరట్లో మాధవయ్య తొట్టిలో నీళ్లు కుమ్మరిస్తున్న చప్పుడు వినిపించింది. ఆమె కళ్లనిండా నీళ్లతో నోరు తెరిచి, ఉండ మొత్తం తనే తినేసింది.