నీటి వయసు

శిలాపురంలో కుళాయి తిప్పితే అందరూ ముందు చూసేది అంకెని. కుళాయి మూతికి, బిందె అంచుకు, లోటాకు, ఆఖరికి పసిపిల్లల పాలసీసాకు కూడా సన్నని గాజు కడియం ఒకటి తొడిగి ఉంటుంది. ఆ నీళ్లు శుద్ధికేంద్రం దాటి ఎన్ని గంటలైందో అది చెబుతుంది. రెండు అని పడితే ఇంటావిడ మొహం వెలిగిపోతుంది. ఆరు పడితే మూతి ముడుచుకుని పారబోస్తుంది. ఇరవై ఒకటో శతాబ్దం ముగియబోతోంది, చంద్రుడి మీద ఆస్పత్రి కట్టారు, ఈ జనానికి మాత్రం బుద్ధి రాలేదు.

ఆ కడియాన్ని కనిపెట్టింది డాక్టర్ రంగమణి. దానికి కారణం కూడా పారబోతే. నీళ్లు వచ్చే పూట, నిన్న పట్టి ఉంచుకున్న బిందెలన్నీ కాలవలోకి వంపేసి కొత్తవి పట్టుకోవడం ఆ ఊరి పాత అలవాటు. పైపులు కారడం లేదు, దొంగ కనెక్షన్లు లేవు, అయినా ఊరికి వచ్చే నీళ్లలో మూడో వంతు ఎవరూ తాగకుండానే మురుగులో కలిసేది. నది నీళ్లను ఊళ్లకు పంచే నదీమండలి, ఓపిక నశించి, నగర జలమండలికి ఒక లక్ష్యం పెట్టింది. ఏడాదిలోగా ఆ వృథా పదో వంతుకు దిగాలి, దిగినట్టు కొలిచి చూపాలి. లేకపోతే ఊరి వాటాలో కోత. కోత పడితే మొదట ఎండేది ఎర్రకొండ, పైపు ఆఖరి కొసన ఉన్న వాడ. రంగమణి పుట్టి పెరిగింది అక్కడే. ఆమె అక్క సుంకమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటోంది.

అందుకే రంగమణి 'కాలముద్ర'ను తయారుచేసింది. శుద్ధికేంద్రంలో నీళ్లకు కలిపే ఒక హానిలేని అణువు అది. సమయం గడిచేకొద్దీ దాని ఆకృతి మారుతుంది. కడియంలోని సెన్సర్ ఆ మార్పును చదివి అంకెగా చూపిస్తుంది. నీళ్లు శుభ్రంగా ఉంటే అంకె పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. మూడు రోజులు నిల్వ ఉన్న నీళ్లకు కూడా పచ్చచుక్కే వెలుగుతుంది. పాత నీళ్లు చెడిపోలేదని కళ్లారా చూశాక ఇంకెవరు పారబోస్తారు అనుకుంది పిచ్చితల్లి.

చుక్కను ఎవరూ చూడలేదు. అంకెనే చూశారు. రోజుకోసారి వంపేవాళ్లు పూటకోసారి వంపసాగారు. శుద్ధికేంద్రం చుట్టుపక్కల ఇళ్ల అద్దెలు పెరిగాయి. పెళ్లి సంబంధాలకు వెళ్లినవాళ్లు వియ్యాలవారింటి కడియం ఓరకంట చూసి వచ్చేవారు. ఎర్రకొండ దాకా నీళ్లు పాకి వచ్చేసరికే పదకొండు గంటలవుతుంది. అక్కడివాళ్లకు 'ముసలినీళ్లోళ్లు' అని పేరు పడింది. ఆ మాట పడలేక వాళ్లు కుళాయిలు బార్లా తెరిచి వదిలేసేవారు. అలా చాలాసేపు పారిస్తే వెనకనుంచి కాస్త పడుచు నీళ్లు వచ్చి అంకె తొమ్మిదికి దిగుతుంది. ఆ కాస్త పరువు కోసం వీధులన్నీ తడిసేవి.

గడువు దగ్గరపడ్డాక జలమండలి అధ్యక్షుడు విరూపాక్షయ్య రంగమణిని పిలిపించాడు. గదిలో వాళ్లిద్దరితోబాటు గోడలో తూనిక ఉంది. ఊళ్లోని నీళ్లన్నిటికీ లెక్కగట్టే యంత్రమేధ అది.

"పదో వంతుకు దిగమంటే ఆరో వంతు కాడ ఆగిపోయినాం, మేడమ్. మీ కడియాల పుణ్యమే."

"అంకె తీసేద్దాం సార్. చుక్క ఒక్కటే ఉంచుదాం."

"తీసి చూడండి. పోయిన నెల ఒక వీధిలో కడియాలు చెడిపోతే మన ఆఫీసు అద్దాలు పగలగొట్టినారు." ఆయన గోడవైపు తిరిగాడు. "తూనికా, దారి చెప్పు."

"ఎర్రకొండ లైను మూసేయండి," అంది తూనిక. "మిగతా పేటల్లో వంపిన నీళ్లు కొత్త తిరుగుకాలవల్లో పడి మళ్లీ శుద్ధికి వస్తున్నాయి. నిబంధన ప్రకారం అది వృథా కాదు. మిగిలిన వృథా దాదాపుగా ఎర్రకొండదే. మూస్తే లక్ష్యం రేపటికే నెరవేరుతుంది."

"అక్కడ మనుషులున్నారు," అంది రంగమణి.

"లక్ష్యంలో వృథా శాతం ఉంది. మనుషుల్ని కొలవమని నాకు చెప్పలేదు."

రంగమణికి ఒళ్లు మండిపోయింది. "అన్ని పేటలకూ కాలవ తవ్వించి ఎర్రకొండను వదిలేసినప్పుడే మీకు తెలుసు సార్, ఇట్లా అవుతుందని."

"తెలుసు," అన్నాడు విరూపాక్షయ్య, ఏమాత్రం తొణక్కుండా. "ఎవరిదో ఒకరి కుళాయి ఎండాల్సిందే. అది నాది మాత్రం కాదు."

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆయనే పోలీసుల్ని వెంటబెట్టుకుని ఎర్రకొండకు వచ్చాడు. వాల్వు సుంకమ్మ ఇంటి ముందే ఉంది. రంగమణి దానికి అడ్డంగా కూర్చుంది. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆమెను రెక్కపట్టి పక్కకు లాగారు. వాల్వు మూసి సీలు వేసేదాకా సుంకమ్మ విరూపాక్షయ్య వంశాన్నంతా తిడుతూనే ఉంది. పని అయ్యాక ఆయన ఎండకు తాళలేక ఆ ఇంటి అరుగు మీదే కూలబడ్డాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. సుంకమ్మ లోపలికి వెళ్లి లోటాతో నీళ్లు తెచ్చింది. అరుగెక్కినవాడు పగవాడైనా సరే, నీళ్లివ్వకుండా పంపడం ఆమెకు చేతకాదు.

ఆయన లోటా అందుకుని నోటిదాకా తెచ్చి ఆగాడు. కడియం మీద పదకొండు. పక్కనే పచ్చచుక్క నిండుగా వెలుగుతోంది.

"వద్దులేమ్మా. ఇప్పుడే తాగొచ్చినా," అని లోటా తిరిగిచ్చేసి, పెదాలు తడుపుకుంటూ వెళ్లి కారెక్కాడు.

"చుక్క చూడనే లేదక్కా ఆయన," అంది రంగమణి.

సుంకమ్మ కారు వెళ్లిన వైపు చూసింది.

"మన అవ్వ చెప్తుండె. ఆమె కాలంలో గూడ పెద్దకులపోళ్లు మన గడప ముందర నిలబడి, నాలిక ఎండుతున్నా ఇదే మాట అంటుండిరంట. ఇప్పుడే తాగొచ్చినాం అని." లోటా చెల్లెలి చేతిలో పెట్టింది. "మన నీళ్లు ఎందుకు తాగరో పైకి చెప్పనీకి అప్పుడు వాళ్లకాడ ఏ కారణమూ లేకుండె. నువ్వు సదువుకోని వచ్చి వాళ్లకు అంకె తెచ్చిచ్చినావు."