ఎదురింటి అరుగు మీద విచారణ

మా మూలాపేట సందులో మురుక్కాలవ ఉందని మాకు తెలుసు గానీ చరిత్ర కూడా ఉందని తెలియదు. పెంచలప్రసాద్ కొత్త ఫోన్ కొన్నాకే అది బయటపడింది.

ఆ రోజు తన ఎదురింటి అరుగెక్కి, వీడియో తీసుకుంటూ ఫోన్ ముందు చేతులు తిప్పుతున్నాడు.

"ఫ్రెండ్స్! ఒకప్పుడు రాజుగారు ఈ అరుగు మీదే కూర్చుని చేపల పులుసు తిన్నారు!"

బకెట్టెడు నీళ్లు వచ్చి అతని బూట్ల మీద పడ్డాయి. వెనకాల చీపురుతో ఆ ఇంటి పిల్ల వెన్నెల.

"రాజుగారు తిన్నాక కడగలేదంట. ఇప్పుడు కడుగుతుండా."

"ఏంది వెన్నెలా! హెరిటేజ్ మీద నీళ్లా?"

"నా చిన్నప్పుడు మా తాత కట్టించినాడు దీన్ని. ఇసక మోసింది నేను. ఏ రాజు?"

"రాజు లేకపోతే వ్యూస్ రావు!"

"నోరు తెరిస్తే కోతలేనా? ఒక్క నిజం చెప్పు. ఆ రోజు నిన్ను ఈడనే కూర్చోబెట్టి పులుసు పెడతా."

సందులో ఇన్ని ఇళ్లుండగా, ఆ తర్వాత చరిత్రంతా ఆ ఒక్క గుమ్మం ముందే జరిగింది. యుద్ధాలు, సంధులు, రాణిగారి స్వయంవరం అన్నీ అక్కడే. అతని తంటా ఏమిటో వీధిలో అందరికీ తెలుసు. రాజుల గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పేవాడికి, ఆ పిల్లతో అసలు మాట చెప్పడానికి మాత్రం నాలుక పిడచకట్టుకుపోయేది.

ఇక్కడ మా వీధి ఆచారం ఒకటి చెప్పాలి. మగపెళ్లివాళ్లు నేరుగా పిల్ల ఇంటికి వెళ్లరు. ముందు ఎదురింటి అరుగు మీద చతికిలబడి, మంచినీళ్లడిగి, కూపీ లాగుతారు. ఎదురింటివాళ్లు కాస్త నసిగితే చాలు, సంబంధం తప్పిపోయినట్టే. అలా ఎందరి పెళ్లిళ్లు చెడగొట్టామో మేం బయటికి చెప్పుకోం. నిజానికి మా వీధి అసలు చరిత్ర అదే.

ఒక సాయంత్రం సన్నగా వాన. కొడవలూరు నుంచి శివశంకర్ అనే పెద్దాయన గొడుగు ముడిచి ప్రసాద్ వాళ్ల అరుగు మీద కూర్చున్నాడు. ఎదురుగా వెన్నెల అవ్వ వెంకటశేషమ్మ చింతపండు ఈనెలు తీస్తోంది. చేతులు చింతపండు మీద, చెవులు ఇటువైపు. కిటికీలో వెన్నెల.

"అబ్బయ్యా, కాసిని మంచినీళ్లు. ఆ ఎదురింటి పిల్ల ఎట్టాంటిది? మా మేనల్లుడికి అనుకుంటుండాం."

ప్రసాద్ ఆ కిటికీ వైపు చూశాడు. గయ్యాళి అని ఒక్క ముక్క అంటే పెద్దాయన గొడుగు తీసుకుంటాడు. తలుపుల వెనక ఉన్న మేమందరం అదే అంటాడనుకున్నాం. కోతలు అతనికి కొత్తా?

"బంగారం లాంటి పిల్ల సార్," అన్నాడు ప్రసాద్. "అబద్ధం ఆడితే మాత్రం నీళ్లు పోస్తుంది. వాళ్లవ్వకి జ్వరమొస్తే నిద్రపోదు. మీవాడు నిజం మాట్లాడేవాడైతే ఆలోచించొద్దు. చేసుకోండి."

"మంచిమాట చెప్పినావు. మరి ఎందుకబ్బయ్యా ఏడుస్తుండావు?"

"వాన సార్."

"మనం చూరు కింద ఉండాం."

ప్రసాద్ తల దించుకున్నాడు. "నాకు ఆ పిల్లంటే ప్రాణం సార్. ఊళ్లో లేని రాజుల గురించి అంత చెప్పినా గానీ, ఇదొక్కటి చెప్పలేకపోయినా."

శివశంకర్ నీళ్లు తాగి నవ్వాడు. "పొద్దున ఆ పిల్లే ఫోన్ చేసింది. ముందు ఎదురింటబ్బాయిని అడగండి, అతను చెప్పేదాన్ని బట్టే నా మాట అని. ఎందుకన్నదో ఇప్పుడు తెలిసింది. మావాడికి ఇంకో పిల్లని చూసుకుంటాలే."

వెంకటశేషమ్మ గొంతు సందు దాటి వినిపించింది. "ప్రసాదూ! ఆ పెద్దాయన్ని గూడా పిలుచుకోని రా. రాజుగారికి పెట్టిన పులుసు మిగిలుండాది."

ఎదురింటి అరుగు మీద ప్రసాద్ ముడుచుకుని కూర్చున్నాడు. వెన్నెల కంచం తెచ్చి ముందు పెట్టి, పక్కనే కూర్చుంది.

"నువ్వు నన్ను గయ్యాళి అనుంటే, రేపొచ్చే ఇంకో సంబంధానికి సరే అనుండేదాన్ని."

"ఇప్పుడో?"

"నాకూ నువ్వంటే ఇష్టమే, కోతలరాయుడా. ఇంతకీ నా గురించి చెప్పినయ్యన్నీ నిజమేనా?"

"నిజం వెన్నెలా! ఈ అరుగు మీద కూర్చున్న రాజుగారి మీద ఒట్టు!"

వెన్నెల లేచి బకెట్టు కోసం వెళ్లింది.