చెరువులో ఉల్టా అక్షరాలు

“ఏందన్నా, గిది స్టాంపా, మజాకా? అంతా ఉల్టా పడుతుంది!”

సంగారెడ్డి కోర్టు ఎదురుగా ఉన్న నా రబ్బరు స్టాంపుల దుకాణంలో జ్యోతి నాతో అన్న మొదటి మాట అది. గుమ్మడిదల దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. కాగితం మీద సరిగ్గా పడాలంటే రబ్బరు మీద అక్షరాలు తిప్పి చెక్కాలి. పదేళ్లుగా చేస్తున్న పనే, ఆమె కంపెనీ స్టాంపు దగ్గర మరిచాను. సూపర్‌వైజర్ ఆమెను తిట్టాడట.

“జెర కూసోండ్రి, ఇంకోటి చేసిస్త,” అన్నాను.

కూర్చున్నంతసేపూ ఆమె చూపు గోడ మీది కార్డుల మీదే ఉంది. గుట్టకొక స్టాంపు, తాటిచెట్లకొకటి, చెరువుకొకటి. రంగు మీద రంగు వత్తి సరదాకి చేసినవి.

“నాకు నేర్పుతవా?”

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చేది.

“లేతరంగు ముందు, ముదురు తర్వాత. ఒకటి ఆరినంకనే ఇంకోటి వత్తాలె,” అనేవాణ్ణి.

ఆమెకు ఆగడం తెలియదు. తడి నీలం మీదే తాటిచెట్లు వత్తి, చెరువంతా అలికేసి, మళ్లీ నా మీదే అరిచేది. మూడో ఆదివారానికి ‘అన్నా’ అనడం మానేసింది. ఆ రోజు ఆనందం పట్టలేక రెండుసార్లు చాయ్ తెప్పించాను.

చెప్పాలి చెప్పాలి అనుకుంటూనే తొమ్మిది ఆదివారాలు గడిపాను. పదో ఆదివారం ఆమె కూర్చోలేదు.

“నాకు సంబంధం కుదిరింది. ఇంద్రేశం ఊరి పిలగాడు. నువ్వేమన్న అంటవా?”

“మంచిది,” అన్నాను.

సొరుగులో ఒక స్టాంపు వారం రోజులుగా ఉంది: ‘నువ్వంటే నాకు పానం.’ సీదాగా చెప్పే ధైర్యం లేక, నీళ్లలో నీడలా ఉల్టా పడేట్టు చెక్కాను. మొదటి రోజు ఉల్టా పట్టేసిన పిల్ల, ఇదీ పట్టేస్తుందనుకున్నాను. ఒక కార్డులో చెరువు మీద వత్తి ఇచ్చాను.

“చెట్ల నీడ మంచిగ పడ్డది,” అని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె కళ్ల నిండా నీళ్లుంటే అక్షరాలేం కనిపిస్తాయి? ఆ నీళ్లు కూడా నాకప్పుడు అర్థం కాలేదు.

రెండు నెలలకు మళ్లీ వచ్చింది. మెడలో కొత్త పుస్తెలతాడు.

“నిన్న అత్తగారింట్ల బీరువ అద్దం ముంగట పెట్టిన నీ కార్డు. అక్షరాలన్నీ సీదాగ కనవడ్డయి.”

నేను బల్ల మీది స్టాంపులు సర్దసాగాను.

“గా దినం నువ్వు వెనకనే వస్తవేమో అని బస్టాండ్ల మూడు బస్సులు ఇడిసిపెట్టిన, తెలుసా?”

“ఆరినంక చెప్దామనుకున్న జ్యోతీ...”

“ఆరిపోయింది ఇగ,” అంది.

కార్డు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఉల్టా అక్షరాలు చదవడానికి నాకు అద్దం అక్కర్లేదు. అందుకే కార్డును బోర్లా తిప్పాను.