కుడి పవరు ఎడమకి

"ఇంటర్వ్యూ కాల్ వచ్చింది," అన్నాను పొద్దున పదింటికి, కిటికీలోంచి తల బయటపెట్టి.

"కంగ్రాట్స్! షర్టు ఇస్త్రీ చేయించుకో," అంది తను, తలైనా ఎత్తకుండా.

అంతే!

మూడేళ్ళుగా ఒకే కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తున్నాం. ముందు గదిలో కళ్ళు పరీక్ష చేసి పవర్లు చీటీ మీద రాయడం తన పని. వెనక గదిలో లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం నా పని. మధ్యలో తల పట్టేంత కిటికీ. మిషన్ మోతలో మాట వినబడదు కాబట్టి ఏ సంగతైనా చీటీ మీదే. "ఇది అర్జెంటు" దగ్గర మొదలై "టీ తాగావా?" దాకా వచ్చాం. ఆ పై మాట రాయడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఇవాళైనా "వెళ్ళొద్దు" అంటుందేమోనని ఆశపడితే, ఇస్త్రీ అట, ఇస్త్రీ!

ఊరు కాని ఊళ్ళో పెద్ద లెన్సుల ఫ్యాక్టరీ అది. జీతం రెట్టింపు. వస్తున్నదీ లేనిదీ సాయంత్రం ఐదింటిలోగా ఫోన్ చేసి చెప్పాలి. అమ్మ అప్పుడే పక్కింటి పిన్నిగారికి నా క్వార్టర్స్‌లో గదులెన్నో కూడా చెప్పేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

మధ్యాహ్నం తను టిఫిన్ డబ్బా మూత మీద పెన్నుతో టకటకా కొట్టింది.

"కూర్చో. ప్రాక్టీస్ చేద్దాం. నేను మేనేజర్ని."

"గుడ్ మార్నింగ్ సార్."

"మేడమ్!"

"గుడ్ మార్నింగ్ మేడమ్."

"ఇప్పుడున్న ఉద్యోగం ఎందుకు మానేస్తున్నారు?"

"మానేయాలని లేదు మేడమ్."

"మరి ఇంటర్వ్యూకి ఎందుకొచ్చారు?"

"ఎవరూ ఆపలేదు మేడమ్."

పెన్ను ఆగింది. "ఫెయిల్. నెక్స్ట్ క్యాండిడేట్‌ని పంపండి," అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఆటలు చాలు. నిన్నే అడుగుతున్నా. వెళ్ళనా, మాననా?"

"నన్నెందుకు అడుగుతావ్? నీ ఉద్యోగం, నీ ఇష్టం!" డబ్బా మూత ఠపీమని బిగించి లేచిపోయింది. సగం అన్నం అలాగే ఉంది. ఒక్క పూట ఆకలికి ఆగలేని మనిషి! అది చూసి కూడా నా బుర్ర వెలగలేదు.

నాలుగింటికి, తలుపు పక్కనున్న గోడని రెండుసార్లు నెట్టి, మూడోసారికి తలుపు దొరికి, హెడ్మాస్టరుగారు లోపలికొచ్చారు. ఒంటిగంటకి కొత్త కళ్ళజోడు పట్టుకెళ్ళిన మనిషి.

"లేని మెట్లు ఎక్కుతున్నానయ్యా! మా ప్యూన్ని చూసి ఇన్‌స్పెక్టరనుకుని లేచి నమస్కారం పెట్టాను. వాడు నన్ను కూర్చోమన్నాడు!"

ఆయన పాత కార్డు తీసి, ఇవాళ్టి చీటీ పక్కన పెట్టి చూశాను. కుడి కంటి పవరు ఎడమకి, ఎడమది కుడికి రాసుంది. నేనూ వెనకా ముందూ చూడకుండా అలాగే బిగించేశాను. మూడేళ్ళలో తన చీటీలో ఒక్క తప్పు లేదు. మేకుకి గుచ్చిన మిగతా చీటీలు కూడా లాగి, పాత కార్డులతో పోల్చి చూశాను. పదింటికి ముందు రాసినవి రెండూ శుభ్రంగా ఉన్నాయి. తర్వాతవి, హెడ్మాస్టరుగారిదితో కలిపి, నాలుగు. నాలుగూ తారుమారే!

పదింటికే కదా నేను ఇంటర్వ్యూ మాట చెప్పింది!

అదృష్టం కొద్దీ మిగతా మూడు జోళ్ళూ ఇంకా షాపు దాటలేదు. చీటీలు పట్టుకుని ముందు గదిలోకి పరిగెత్తాను.

"ఏంటివి?" అన్నాను.

తను చూసింది. చెవులదాకా ఎర్రబడింది. "కళ్ళలో నీళ్ళు అడ్డొస్తే కుడేదో ఎడమేదో ఎవరికి తెలుస్తుంది?"

"అయితే వెళ్ళొద్దని ఒక్క మాట అనొచ్చుగా!"

"అనను. ఇవాళ నాకోసం మానేస్తావ్. పదేళ్ళయ్యాక కూరలో ఉప్పెక్కువైన రోజున, 'నీకోసం అంత ఉద్యోగం వదులుకున్నా' అంటావ్. ఆ మాట పడటం నావల్ల కాదు."

"పదేళ్ళయ్యాక కూర నువ్వే వండుతావా?"

"వంతులేసుకుందాం," అనేసి నాలుక కరుచుకుంది.

హెడ్మాస్టరుగారు మా ఇద్దరి మధ్యనున్న ఖాళీని చూస్తూ అన్నారు. "ఓహో! ఇక్కడ ఉరుము ఉరిమి నా కళ్ళమీద పడిందన్నమాట. ముందు నా జోడు సంగతి చూడండి. పెళ్ళి మాటలు తర్వాత!"

కొత్త లెన్సులు అరగదీస్తూ మొదటిసారి నిజంగా ఆలోచించాను. ఫ్యాక్టరీలో రోజుకి వెయ్యి లెన్సులు చేస్తానేమో. ఏది ఎవరి ముక్కు మీదికెక్కుతుందో తెలీదు. ఇక్కడో? జోడు పెట్టుకోగానే హెడ్మాస్టరుగారు గోడ మీది క్యాలెండర్లో సన్నక్షరాలు గడగడా చదివేశారు. ముఖం చేటంత అయింది. కిటికీలోంచి ఆ ముఖం చూడటం నాకిష్టం. తను లేకపోయినా ఇష్టమే. తనుంటే ఇంకా ఇష్టం, అది వేరే సంగతి.

ఐదింటికి పది నిమిషాలుండగా ఫోన్ చేశాను. "ఇంటర్వ్యూకి రావటం లేదండీ."

"కారణం?" అంది అవతలి మేడమ్.

కిటికీ అవతల పెన్ను చప్పుడు ఆగిపోయింది.

"నేను చేసిన జోడు పెట్టుకున్న మనిషిని చూస్తేగాని నాకు పని చేసినట్టుండదండీ. ఎవరూ ఆపలేదు, నేనే ఆగాను. అదీగాక, మధ్యాహ్నం ఇక్కడో ఇంటర్వ్యూలో ఫెయిలయ్యాను. మళ్ళీ కూర్చోవాలి."

ఆవిడకేం అర్థమైందో గాని, ఆల్ ది బెస్ట్ చెప్పి పెట్టేసింది. ఇక అమ్మని ఆ క్వార్టర్స్ ఖాళీ చేయించడం ఒక్కటే మిగిలింది.

కిటికీలోంచి చీటీ జారింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు.

"క్యాండిడేట్ సెలెక్టెడ్. ఫైనల్ రౌండ్ ఆదివారం పదింటికి, మా ఇంట్లో. ప్రశ్నలడిగేది నాన్న. షర్టు ఇస్త్రీ చేయించుకో."