రన్‌వే దీపాలు వేసిందెవరు?

ఊరి చివర ఉన్న ఆ చిన్న విమానాల మైదానానికి మంచి పేరు లేదు. చీకటి పడితే అక్కడ నరమానవుడు ఉండడు. అయినా ఒక్కో రాత్రి రన్‌వే దీపాలు వాటంతటవే భగ్గున వెలుగుతాయి... కాసేపటికి ఆరిపోతాయి. చనిపోయిన వాచ్‌మన్ ఇంకా డ్యూటీ దిగలేదని చుట్టుపక్కలవాళ్ళు చెప్పుకుంటారు.

ఆ ఊరి పళ్ళ డాక్టరు ఇలాంటివి నమ్మే రకం కాదు. ఆయనకు సొంత విమానం ఉంది, లైసెన్సు ఉంది, రెంటికీ మించి తన మీద తనకు గొప్ప నమ్మకం ఉంది. ఆ మైదానం నడిపే మేడమ్ పైలట్లకు ఏటా పెట్టే రిఫ్రెషర్ క్లాసుకు మాత్రం మొహం చూపించడు. ఇన్నేళ్ళుగా ఎగురుతున్నవాడికి మళ్ళీ ఓనమాలేమిటని ఆయన వాదన.

ఓ సాయంత్రం అత్తగారిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఆవిడ చెల్లెలి ఊరి నుంచి బయల్దేరాడు. దారిలో ఎదురుగాలి వల్ల ఆలస్యమై, ఎప్పుడూ పొద్దుండగానే దిగేవాడికి మొదటిసారి రాత్రయింది. మైదానం దగ్గరికి వచ్చేసరికి కింద కటిక చీకటి... రన్‌వే ఎక్కడుందో తెలియదు. ఇంకో ఊరికి పోదామంటే పెట్రోలు ముల్లు అడుక్కి దిగిపోయింది.

"ఎక్కడ దిగుతాం అల్లుడుగారూ?" ఆవిడ మెల్లగా అడిగింది.

ఆయన రేడియోలో పిలిచాడు — జవాబు లేదు. పలకడానికి కింద ఎవరున్నారు గనక? మైకు బటన్ మీద బొటనవేలు వణుకుతూ, నొక్కుతూ, వదులుతూ, మళ్ళీ నొక్కుతూ...

భగ్గున — దీపాలు.

"ఎవరు వేశారు?"

"వాచ్‌మనే," గొణిగాడు డాక్టరు.

ఎలాగో దిగాడు. విమానాన్ని తాళ్ళతో కట్టేస్తుండగానే దీపాలు ఆరిపోయాయి. జీవితంలో మొదటిసారి, ఆయన చీకటికి దణ్ణం పెట్టాడు.

తెల్లారగానే అత్తగారిని సాక్ష్యానికి వెంటబెట్టుకెళ్ళి, మేడమ్‌కి అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, మైకు బటన్ ఎన్నిసార్లు నొక్కారని అడిగింది. ఆ భయంలో లెక్కెవరు పెట్టారన్నాడు.

"గబగబా వరసగా నొక్కితే ఆ దీపాలు వెలుగుతాయి డాక్టరుగారూ. కాసేపటికి వాటంతటవే ఆరిపోతాయి. రాత్రి వచ్చే పైలట్లందరూ అలాగే వేసుకుంటారు. ప్రతి క్లాసులోనూ చెప్తూనే ఉన్నాను."

డాక్టరు పకపకా నవ్వేశాడు. దెయ్యం లేదని తేలేసరికి ఆయన గుండె దూదిలా తేలికపడింది.

అత్తగారు మాత్రం నవ్వలేదు. ఇప్పుడు కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"వాచ్‌మన్ దింపాడనుకుని హాయిగా నిద్రపోయాను," అంది మెల్లగా. "దింపింది మీరా... అల్లుడుగారూ?"