కాపీలో మారిన ఇల్లు

తలుపు తెరుచుకుంది. తనవాళ్ల ఇల్లే అనుకుని ఏజెంట్ నవ్వాడు. ఎదురుగా సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఆ నవ్వు పెదాల మీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే గూఢచారి డేగకి పిలుపు వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు ఎవరికీ తెలియదు.

"ఆ అడ్రసు పంపింది మనమే," అన్నాడు చీఫ్. "మన ఏజెంట్లు తలదాచుకునే సేఫ్ హౌస్‌ల అడ్రసుల టేబుల్‌ని కొత్త సర్వర్‌లోకి కాపీ చేస్తున్నాం. కొన్ని వరసలు చెడిపోతున్నాయి. పాతదాంట్లో అడ్రసు సరిగ్గానే ఉంటుంది. కాపీలో చూస్తే శత్రువుల ఇల్లు!"

"ఆపెయ్యండి."

"ఆపితే మిషన్ మీదున్న మీ చెల్లెలు నడివీధిలో నిలబడిపోతుంది. శత్రువులు తన వెంటపడ్డారు. పాత సర్వర్‌కి వాచీలతో లింకు తీసేశాం. పన్నెండింటికి కొత్త కాపీలోంచే తన వాచీకి అడ్రసు వెళ్లాలి."

ఆమెని మిషన్‌కి సాగనంపిన రోజు డేగకి గుర్తొచ్చింది. స్టేషన్లో చెల్లెలు, "చెయ్యి ఊపకు అన్నయ్యా, ఏడ్చేస్తాను," అంది. రైలు కదిలాక ఊపాడు. ఆమె చూసిందో లేదో.

సర్వర్ గదిలో ఇంజనీరు ఉంది. అందరికీ పిన్ని.

"డిస్కు పాడైందా పిన్నీ?"

"పాడైతే ప్రతిసారీ అవే వరసలు చెడాలి నాయనా. ఒక్కో కాపీలో ఒక్కోటి చెడుతోంది."

"అంటే కాపీ నడుస్తుండగా ఎవరో మార్చి, అవగానే మళ్లీ పాతదే రాసేస్తున్నారు. టేబుల్‌కి తాళం వెయ్యి. చదవచ్చుగానీ రాయడం కుదరకూడదు."

"కాసేపే నిలుస్తుంది. హాల్లో రాసేవాళ్లందరి స్క్రీన్లూ బిగుసుకుపోతాయి."

"పోనీ. నాక్కావలసింది అదే."

ఏసీ మెకానిక్ వేషంలో డేగ హాల్లో నిచ్చెనెక్కాడు. చెవిలో బటనంత ఇయర్‌పీస్.

"తాళం పడింది. కాపీ మొదలైంది," అంది పిన్ని.

కీబోర్డుల చప్పుడు ఆగింది.

"హమ్మయ్య, సిస్టమ్ పోయింది!"

"ఇంకేం, టీకి పదండి."

కుర్చీలన్నీ వెనక్కి జరిగాయి. ఒక్కటి తప్ప. అందులో ట్రాన్స్‌లేటర్ మేడమ్. ఆవిడ నడిచొస్తుంటే మగాళ్లు గోడలకి గుద్దుకునేవాళ్లు. ఇప్పుడా అందమైన వేళ్లు ఒకే మీటని పొడుస్తున్నాయి, పొడుస్తూనే ఉన్నాయి.

"డేగా, తాళం జారిపోతోంది!" పిన్ని అరిచింది. "కాపీ ఇంకా అవలేదు. తాళం ఊడగానే లోపలికి దూరాలని ఎవరిదో రాత వెనకే కాచుక్కూర్చుంది. ఆ మెషీన్ ఆపెయ్!"

డేగ దూకాడు. మేడమ్ లిప్‌స్టిక్ మూత తీసింది. సన్నటి సూది అతని చెవి పక్కనుంచి దూసుకుపోయింది. అతను ప్లగ్గు పీకేశాడు.

పన్నెండు.

"పిన్నీ?"

మేడమ్ చేతులకి సంకెళ్లు వేస్తూ డేగ మళ్లీ పిలిచాడు.

"పిన్నీ!"

"ఉండు నాయనా, చూడనీ... వెళ్లింది. అసలు అడ్రసే వెళ్లింది." చాలాసేపటికి మళ్లీ అంది, "నీ చెల్లెలు చేరింది. లోపల గడియ కూడా పెట్టుకుందట."

డేగ అప్పుడుగానీ ఊపిరి వదల్లేదు.

"నన్ను పట్టిచ్చిందెవరు?" సంకెళ్ల చేతులతో అడిగింది మేడమ్.

"మీ శ్రద్ధే మేడమ్. సిస్టమ్ ఆగిపోయిందని కంగారుపడేవాళ్లు ఈ ఆఫీసులో ఇంతవరకూ పుట్టలేదు."